అక్క రాసిన స్కోరు

సోమవారం కంటి పరీక్ష ఉందని ఒకరోజు ముందే కోయిలకుంట్ల నుంచి వచ్చిన మా అక్క, పొద్దున ఉగ్గాణి తింటూ, పాత కాలేజీ మైదానంలో ఇంకా క్రికెట్ ఆడుతున్నారా అని అడిగింది. ఆడుతున్నారంటే పోదాం పద అంది. కర్నూలు ఎండకు గొడుగొకటి, మజ్జిగ సీసా ఒకటి పట్టుకుని, సాయంత్రం దాకా ఆ రాతి మెట్ల మీదే కూర్చున్నాం. ఎవరు గెలిచారో ఇద్దరమూ పట్టించుకోలేదు. నా మనసంతా ఎప్పటిదో మరో మ్యాచ్ మీద ఉంది.

అప్పుడు నేను డిగ్రీలో కొత్తగా చేరాను. అన్న మా ఊరి జట్టుకు కెప్టెన్. అక్కకేమో రేడియోలో కామెంటరీ వింటూ, పాత నోటుపుస్తకాల వెనక పేజీల్లో బంతి బంతికీ స్కోరు రాసుకోవడం అలవాటు. కడప జట్టు ఈ మైదానానికే వచ్చిన రోజు స్కోరు రాసే మాస్టారు రాలేదు. ఆట చూద్దామని మాతో వచ్చిన అక్కను అన్నే ఆ బల్ల దగ్గర కూర్చోబెట్టాడు.

ఆఖరి బంతికి అన్న రెండు పరుగులు తీశాడు. రేకు పలకల బోర్డు మీద కడప కన్నా మాకు ఒకటి ఎక్కువ కనిపించింది. జనం ఉరికివచ్చి అన్న మెడలో చామంతి దండ వేశారు. ఆ గోలలో అంపైరు తన భుజం తాకి, ఒక పరుగు చెల్లదని సైగ చేయడం అక్క ఒక్కతే గమనించింది. పుస్తకం చంకన పెట్టుకుని అంతమంది మగవాళ్ళ మధ్యకు నడిచి వచ్చింది.

“మొదటి పరుగుకు నువ్వు గీత ముట్టకుండానే తిరిగినావన్నా. రెండు జట్లకూ సమానమే ఉండాది.”

ఎవరో నవ్వారు, ఎవరో ఆడపిల్లకేం తెలుసన్నారు. నేను కూడా ఆమె చెయ్యి పట్టి వెనక్కి లాగబోయాను. ఆ సిగ్గు నాకిప్పటికీ ఉంది. అన్న వెళ్ళి అంపైరును అడిగాడు. ఆయన అవునన్నట్టు తలూపాడు. అన్న దండ తీసేసి, కడప కెప్టెన్‌ను వెతుక్కుంటూ పోయి చెయ్యి కలిపాడు.

ఇంట్లో అమ్మ, నలుగురిలో అన్న పరువు తీసిందని అక్కను తిడుతుంటే, కంచం ముందు కూర్చున్న అన్న తలెత్తకుండానే, “రాయమని కూచోబెట్టింది నేనే కదమ్మా. జరిగింది రాయక ఇంకేం రాస్తాది?” అన్నాడు. అయినా నాన్న అక్కను మళ్ళీ మైదానానికి పంపలేదు. మేము మాత్రం ప్రతి ఆదివారం వెళుతూనే ఉన్నాం.

ఇప్పుడు ఆడపిల్లలే కిట్ బ్యాగులు తగిలించుకుని స్కూటీల మీద వచ్చి ఆడుతుంటే ఎవరూ వింతగా చూడరు. మంచిదే. ఆ ఏడాది ఏ మ్యాచ్‌లో ఎవరెన్ని కొట్టారో నేనిప్పటికీ చెప్పగలను గానీ, ఆ ఆదివారాల్లో అక్క ఇంట్లో ఏం చేస్తూ ఉండేదో మాత్రం ఎంత తలచుకున్నా గుర్తుకు రాదు. అడగాలని అప్పుడు మాలో ఎవరికీ తోచనే లేదు.