నా పేరుతో ఆపేసిన బెల్లు

ఒమాన్‌లోని దుక్మ్‌లో, కట్టడాల సైట్‌లో ఇనుము కట్టే ఒకాయన పొద్దున్నే ఫోన్ చేశాడు. జగిత్యాల వైపు మనిషి. కిందటేడు నేను ఆ సైట్‌కు వెళ్లి కార్మికుల ఫోన్లలో మా హాజరు యాప్ పెట్టించినప్పుడు నా నంబరు తీసుకున్నాడు.

"మేడం, నిన్న పగటీలి బెల్లు మోగలే. ఎండల్నే పని జేపిచ్చిన్రు. మా రూమాయన చక్కరొచ్చి పడ్డడు. ఫోర్మన్‌ను అడిగితే, మీ తెలుగు మేడమే బెల్లు తీసేసిందన్నడు. నిజమేనా?"

అజైబాలోని మా ఆఫీసులో అప్పుడే అందుకున్న టీ గ్లాసు బల్ల మీద పెట్టేశాను.

ఆ యాప్‌లో బెల్లు కోడ్ రాసింది నేనే. వేసవిలో మిట్టమధ్యాహ్నం బయట పని చేయించకూడదని ఇక్కడ ప్రభుత్వ నిబంధన. ఆ వేళకు ప్రతి ఫోనూ మోగి, పని ఆపి నీడకు వెళ్లమని ఎవరి భాషలో వాళ్లకు చెప్పేది. తెలుగులో వినిపించేది నా గొంతే. దాన్ని తీసెయ్యమని మా మేనేజర్ ఓసారి అడిగితే కుదరదన్నాను. అంతటితో వదిలేశాడనుకున్నాను.

కోడ్‌లో ఎవరు ఏం మార్చారో తెరిచి చూశాను. బెల్లు లైన్లన్నీ పోయాయి. మార్చింది నేనేనని నా పేరుంది. పక్కన, అనవసరమైన అలారం తొలగించామంటూ ఏఐ టూల్ రాసిన నున్నటి ఇంగ్లీషు ముక్క. ఒళ్లు మండిపోయింది.

నేరుగా మేనేజర్ దగ్గరికి వెళ్లాను. ఆయనదీ గుంటూరే, మా ఊరి వైపే.

"నా పేరు మీద ఇదెవరు చేశారు సార్?"

"అరవకమ్మా. టూల్‌కి చెప్పా, అది తీసేసింది. ఆ టూల్ ఉన్న మెషీన్‌లో నీ లాగినే ఉందిగా, నీ పేరే పడుద్ది. పని ఆగిపోతందని క్లయింట్ గోల పెడతంటే ఏం చెయ్యమంటావు?"

"అక్కడో మనిషి పడిపోయాడు. వాళ్లకి టూల్ సమాధానం చెబుద్దా?"

"ఇంత చిన్నదానికి..."

"చిన్నదైతే మీ పేరే పెట్టుకోవాల్సింది!"

ఆఫీసులో అందరి తలలూ లేచాయి. ఆయన ముందే కూర్చుని పాత కోడ్ తిరిగి పెట్టాను. ఎవరు తీయించారో, ఎందుకు తిరిగి పెడుతున్నానో అక్కడే రాశాను. కార్మికుల భద్రత చూసే మా ఒమానీ అధికారి ఆ అరుపులకు వచ్చాడు. తెర మీద అంతా చూపించాను. ఆయన మేనేజర్ వైపు తిరిగి, "ఖలాస్, ఇక చాలు. దీన్ని ఇంకెవరూ ముట్టుకోవద్దు" అన్నాడు.

మధ్యాహ్నం దుక్మ్ నుంచి మళ్లీ ఫోన్.

"మోగింది మేడం. అందరం దిగినం."

"మీ రూమాయన ఎలా ఉన్నాడు?"

"లేసి కూసున్నడు. గంజి తాగిండు."

"అది తీసింది నేను కాదు, అన్నా."

"గా ముచ్చట అందరికీ జెప్త మేడం."

తర్వాత నన్ను ఆ యాప్ నుంచి తప్పించి, గోదాముల సాఫ్ట్‌వేర్‌లో పడేశారు. మొన్నొక మీటింగ్‌లో అదే మేనేజర్ ఆ టూల్ ఎంత పని తగ్గిస్తోందో చెబుతుంటే అందరూ చప్పట్లు కొట్టారు. నేను లేచి బయటికి వచ్చేశాను. నా కోపం తగ్గలేదు. తగ్గించుకోవాలనీ లేదు.