మేకు నుంచి అంచుకు

ఆయన్ని అందరూ కొలతలాయన అనేవారు. అసలు పేరు ఆఫీసు హాజరు పట్టీకే తెలుసు. వాన నీళ్లు చేలను కోసి గండ్లు చేస్తాయి కదా, ఆ గండ్లు ఏటా ఎంత భూమిని మింగాయో కొలవడం ఆయన పని. గండి మొదట్లో, అంచుకు కాస్త దూరంగా ఇనుప మేకు పాతుతాడు. వానలు వెళ్లాక మేకు నుంచి అంచు దాకా టేపు పెడతాడు. దూరం ఎంత తగ్గితే అంత నేల పోయినట్టు.

గదిలో మంచం ఒకటి, కంచం ఒకటి. పెళ్లి మాటెత్తితే తన మట్టికాళ్ల వంక చూసుకునేవాడు. నోరారా మాట్లాడేది ఏడాదికొక్కసారి, పోయిన అన్నగారి చేలో ఒక్కతే ఉంటున్న వదినతో. అదీ ఆ చేను కొలతల జాబితాలో ఉంది కాబట్టి.

మూడేళ్లు వరసగా మీటరుకు మించి కోత పడితే ఆఫీసువాళ్లు రాతికట్ట వేస్తారు. అక్కడ రెండేళ్లు పడింది. అంచు నుంచి వదిన ఇంటి గోడకు పాతిక అడుగులే.

ఆ ఏడు టేపు పెడితే, గండి జానెడు వెనక్కి పోయినట్టు తేలింది. గండ్లు వెనక్కి నడుస్తాయా? వంగి చూశాడు. మేకు చుట్టూ మట్టి వదులుగా ఉంది.

"వదినా, దీన్నెవరు పీకారు?"

"నేనే. అంచు దగ్గరికొచ్చేసిందని ఇవతలికి తెచ్చి పాతాను. బండరాయితో కొట్టీ కొట్టీ చెయ్యి వాచింది. మెచ్చుకోవేం మరిదీ?"

"పడిపోతే పడిపోనివ్వాల్సింది. మేకు దాకా నేల పోయిందని అదీ లెక్కేగా."

"పడిపోతే ఇక నువ్వెందుకొస్తావు?"

ఎన్ని అడుగులు జరిపావంటే ముందు నాలుగంది, తర్వాత ఏడంది. మేకు పీకిన పాత గుంత ఎప్పుడో గండిలో కలిసిపోయింది. ఏదో ఒక అంకె వేస్తే అడిగేవాడు లేడు. పెన్సిలు పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. కానీ కొలవనిది రాయడం ఆయనకు చేతకాదు. "మేకు కదిలింది, కొలత లేదు" అని రాశాడు. కట్ట ఇప్పట్లో రాదని, మళ్లీ మూడేళ్లు చూడాలని ఆమెకు చెప్పాడు. ఆమె గోడ వంక చూసింది.

రెండు వారాలకు సెలవురోజున చేతులూపుకుంటూ వచ్చాడు.

"టేపు మర్చిపోయావా?"

"లేదు. తేలేదు."

వదిన మెట్టు మీద జరిగి చోటిచ్చింది. పనిలేకుండా వచ్చిన మనిషితో ఏం మాట్లాడాలో ఆమెకు తోచలేదు, ఆయనకూ తోచలేదు. పొద్దు వాలేదాకా గండి వైపు చూస్తూ కూర్చున్నారు.