నల్లమట్టి గుంజుకున్న బంగారం

తొంభైల మొదట్లో జూబ్లీహిల్స్‌లో, ఓ అద్దె బంగళాలో నడిచే ఖనిజ పరీక్షల ల్యాబులో పనిచేసేవాణ్ణి. ఇన్‌ఛార్జి కుర్చీ ఖాళీ అయితే, ఏడేళ్ళ సీనియర్‌ని కదా, అది నాదేననుకున్నాను. ఈలోగా రహమత్ నగర్ నుంచి వచ్చే ఓ అమ్మాయి కొత్తగా చేరింది. ఆర్నెల్లకే ల్యాబు నడిపే మా సారు ప్రతిదానికీ ఆమెనే పిలవసాగారు. నేను కళ్ళలో నిప్పులు పోసుకున్నాను. ఆమె టిఫిన్ డబ్బా చప్పుడన్నా చిరాకే.

ఓసారి బొగ్గులాంటి నల్లరాయి వచ్చింది. మెత్తగా నూరి సైనైడ్ నీళ్ళలో కలిపితే, రాతిలోని బంగారం నీళ్ళలోకి దిగాలి. పొద్దున పరీక్షిస్తే నీళ్ళలో బంగారం బాగానే కనిపించింది. సాయంత్రానికి దాదాపు లేదు. పొద్దుటి కొలతే తప్పనుకుని, బంగారం లేదని రిపోర్టు రాయబోయాను.

ఆమె వెనకనుంచి తొంగిచూసింది. “అన్నా, కొలత తప్పు గాదేమో. నూరిన మట్టిల ఉన్న బొగ్గే బంగారాన్ని మళ్ళ గుంజుకున్నట్టుంది. జర గా మట్టి పారెయ్యకు, పరీక్ష చేద్దాం.”

నిజమేనని వెంటనే తట్టింది. ఇంకెవరన్నా అని ఉంటే వినేవాణ్ణి. మర్నాడు పక్క బంగళాలో షూటింగ్. ల్యాబంతా ప్రహరీ దగ్గర చేరింది. ఇదే అదనని మట్టంతా వ్యర్థాల గుంటలో పారబోసి, రిపోర్టు సారు బల్లమీద పెట్టేశాను.

ఆమె అప్పటికే గుప్పెడు మట్టి సీసాలో దాచిందట. కొలిమిలో కాల్చి, బొగ్గు పోయాక మళ్ళీ సైనైడ్‌లో కలిపితే బంగారం దిగింది. సారు ఇద్దరినీ పిలిచారు. నా రిపోర్టు ఆయన చేతిలో ఉంది.

“ఏంటండీ ఇది?” అన్నారు నన్ను చూసి. నా పని అయిపోయిందనుకున్నాను.

“పొద్దుగాల నీళ్ళల్ల బంగారం దొరికింది అన్నకే సార్. గా కొలత చూసే నేను మట్టి దాసిపెట్టిన,” అంది ఆమె.

“ఆ ముక్క ముందే చెప్పొద్దటండీ!” అంటూ సారు నా భుజం తట్టారు. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను.

నెల తిరక్కుండా కుర్చీ నాకే వచ్చింది. “మిఠాయి ఏది అన్నా?” అంటూ మొదట వచ్చింది ఆమే. నేను తెప్పిస్తే, తానే అందరికీ పంచిపెట్టింది.

మట్టి కావాలనే పారబోశానని ఆమెకు తెలుసో లేదో నేటికీ నాకు తెలీదు. తెలిసి కూడా అలా అందేమోనన్న అనుమానం వచ్చినప్పుడల్లా, ఈ వయసులోనూ ఆమె మీద కుళ్ళు పుడుతుంది.