విమల టీచర్ భయం

పోయిన నెల మేనకోడలి పెళ్లికి గాజులు కొనడానికి లాడ్ బజార్ వెళ్లాము. దుకాణం వెనక గదిలో పనివాడు బొగ్గుల కుంపటి మీద లక్కను మెత్తబరుస్తున్నాడు. వేడెక్కిన లక్క వాసన, కాస్త తియ్యగా, కాస్త గొంతు పట్టేసేలా వచ్చి తగిలింది. గాజుల జత చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. అక్క కంగారుగా నా భుజం పట్టుకుంది. "ఏమైందే సరితా, మల్ల వచ్చిందా?" రాలేదు. విమల టీచర్ గుర్తొచ్చారు, అంతే. ఆ బజారు వెనక సందులో, ఇలాంటి గాజుల కార్ఖానా మీది గదిలో ఆమె అద్దెకుండేవారు. నా బడి చదువు చాలావరకు ఆ గదిలోనే నడిచింది.

అక్క అడిగింది ఫిట్స్ గురించి. నాకు చిన్నప్పటి నుంచి మూర్ఛ ఉంది. మొదట్లో కిందపడి కొట్టుకోవడం లాంటిదేమీ ఉండేది కాదు. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోయేదాన్ని. కళ్లు తెరిచే ఉండేవి. తేరుకునేసరికి పాఠం ముందుకు వెళ్లిపోయేది. మధ్యలో ఏదో పోయిందన్న సంగతి కూడా నాకు తెలిసేది కాదు. బడిలో పరధ్యానం అని కొట్టారు. మార్కులు పడిపోయాయి. మొఘల్‌పురాలో మా పాల దుకాణానికి వచ్చేవాళ్లెవరో పిల్లకు గాలి సోకిందంటే అమ్మ తాయెత్తు కట్టించింది.

ఏడో తరగతిలో మాకు తెలుగూ లెక్కలూ చెప్పడానికి విమల టీచర్ వచ్చారు. పెళ్లి చేసుకోలేదు. ఎవరితోనూ ఎక్కువ మాట్లాడేవారు కాదు. ఒకరోజు డిక్టేషన్ దిద్దుతూ నన్ను పిలిచారు. పై వాక్యం తప్పు లేకుండా ఉంది, కింది వాక్యమూ అంతే. మధ్యలో ఒక వాక్యం అసలే లేదు.

"ఈడ ఏమైంది బిడ్డా?"

"నేను వినలే టీచర్."

"నువ్వే వినలేదా, నీకు వినపడలేదా?"

ఆ తేడా అప్పటిదాకా నన్ను ఎవరూ అడగలేదు. ఏడ్చేశాను.

ఆ సాయంత్రం ఆమె మా దుకాణానికి వచ్చి బాపును పక్కకు పిలిచారు. "ఇది బద్ధకం గాదు. దవాఖానకు తీస్కపోదాం, నేను గూడ వస్త." బాపు పాలగిన్నె కింద పెట్టాడు. "ఆడపిల్ల, టీచరమ్మా. నలుగురికి తెలిస్తే ఎట్ల?" "ఎవ్వరికి తెల్వనియ్యం," అన్నారామె. ఆ మాటకే బాపు ఒప్పుకున్నాడు.

దవాఖానలో మూర్ఛ అని తేల్చి గోలీలు రాశారు. అవి మొదలయ్యాక ఆగిపోవడం తగ్గింది కానీ మత్తు పట్టుకుంది. నిన్న చదివింది ఇవాళ గుర్తుండేది కాదు. అప్పుడే ఆమె నన్ను సాయంత్రాలు గదికి రమ్మన్నారు. పెద్ద పాఠాన్ని చిన్న చిన్న ముక్కలు చేసి చెప్పేవారు, ఒక్కో ముక్కా నాచేత నోటితో తిరిగి చెప్పించేవారు. మధ్యలో నేను ఆగిపోతే కోప్పడకుండా, జాలిపడకుండా, అదే వాక్యం మళ్లీ మొదటి నుంచి అందుకునేవారు. "నువ్వు మొద్దువు గాదే. మధ్యల మధ్యల కరెంటు పోతది, గంతే. వచ్చినంక మల్ల చదువుకో." ఆ మాట విన్నాక నా మీద నాకున్న అసహ్యం పోయింది. ఎనిమిదో తరగతిలో లెక్కల్లో నేను మొదటి వరసలోకి వచ్చాను.

ఆ ఏడాదే మొదటిసారి క్లాసులో కిందపడ్డాను. ఎవరో తాళంచేతులు తెచ్చి చేతిలో పెట్టబోతే ఆమె తోసేసి, నన్ను పక్కకు తిప్పి పడుకోబెట్టారట. తేరుకునేసరికి ఆమె పిల్లలతో చెబుతున్న మాట వినబడింది. "ఎండకు కండ్లు తిరిగినయి దానికి." ఆ తర్వాత నన్ను ఎవరు అడిగినా నేనూ అదే చెప్పాను.

పదో తరగతిలో దవాఖానలో డాక్టరమ్మ ఒక మాట చెప్పింది. జబ్బు సంగతి రాసిస్తాను, పరీక్షలో అదనపు సమయం అడిగి చూడండి అని. బాపు సరేనన్నాడు. విమల టీచరే వద్దన్నారు. "ఈ జబ్బు పేరు ఒక్కసారి కాగితం మీదికెక్కితే ఇగ పోదు, అన్నా. సరితకు ఉన్న టైమే చాలు, అది రాస్తది." ఆమె మాట మా ఇంట్లో వేదం. అదనపు సమయం అడగలేదు.

లెక్కల పరీక్ష రోజు నాకు కరెంటు మళ్లీ మళ్లీ పోయింది. లెక్క సగంలో ఉండగా ఆగిపోవడం, మళ్లీ మొదటి నుంచి చదువుకోవడం. పేపరు లాగేసుకునేటప్పుడు, వచ్చిన లెక్కలే ఎన్నో మిగిలి ఉన్నాయి. "ఇంకొంచెం టైం సార్" అన్నాను. ఎందుకని ఆయన అడిగితే ఎండకు కళ్లు తిరిగాయన్నాను. తప్పాను. చదువు మెదడుకు బరువవుతోందని బాపు నన్ను దుకాణంలో కూర్చోబెట్టాడు.

కొన్నాళ్లకు విమల టీచర్ గదికి రమ్మని కబురు పెట్టారు. వెళితే తలుపు మూసి నన్ను కూర్చోమన్నారు. తర్వాత బీరువాలోంచి గోలీల పట్టీ తీసి నా ముందు పెట్టారు. నేను వేసుకునేవే.

"మీకు గూడనా టీచర్?"

"నీ అంత వయసు సంది. ట్రైనింగ్‌ల ఉన్నప్పుడు నమ్మి ఆడ పాఠం చెప్పే సారుకు చెప్పిన. పిల్లల ముందట పడితే ఎట్ల, ఇంట్ల కూసో అని పంపించేసిండు. ఇంకో ఊర్ల చేరి ట్రైనింగ్ చేసిన. గప్పటి సంది నోరు తెరవలే." పట్టీ మళ్లీ బీరువాలో పెడుతూ అన్నారు, "చదువు నేర్పుతున్న అనుకున్న. నా భయం గూడ నీకు నేర్పిన."

"మీరు లేకుంటే నేను ఏడో తరగతే దాటకపోదును."

"అది వేరే, ఇది వేరే బిడ్డా."

మర్నాడు ఆమే వచ్చి బాపుతో వాదించి నాచేత మళ్లీ పరీక్ష ఫీజు కట్టించారు. ఈసారి డాక్టరమ్మ రాసిచ్చింది. సమయం ఇచ్చారు, పాసయ్యాను. డిగ్రీ చదివాను, బీఎడ్ చేశాను. తన సంగతి మాత్రం ఆమె బయటపెట్టలేదు. నేను బీఎడ్‌లో ఉండగా ఒకరోజు స్టాఫ్ రూంలో పడిపోయారు. ఏం జబ్బో చెప్పమంటే నీరసం అన్నారట. కొద్దిరోజులకు ఆరోగ్యం చూసుకోమని చెప్పి బడి నుంచి పంపించేశారు. నేను వెళ్లి యాజమాన్యంతో మాట్లాడతానంటే చేతులు పట్టుకుని ఆపారు. "నా పేరు బజార్ల పెట్టకు." సైదాబాద్‌లో తమ్ముడి ఇంటికి వెళ్లిపోయారు. పిల్లలు లేని ఇంట్లో కిటికీ దగ్గర కూర్చుని ఉండేవారు. ఒకరోజు ఫిట్స్ వచ్చి అక్కడే పోయారు. చూడటానికి వచ్చినవాళ్లతో ఆమె మరదలు బీపీ అని చెబుతుంటే నేను ఒక మూల నిలబడి విన్నాను. అది ఆమె కోరుకున్న అబద్ధమే.

ఇప్పుడు నేను బడిలో లెక్కలు చెబుతున్నాను. ఏటా మొదటి రోజే పిల్లలకు నా జబ్బు పేరు చెబుతాను, పడిపోతే ఏం చేయాలో చూపిస్తాను. కాసేపు గుసగుసలాడుకుంటారు. నొప్పి పెడుతుందా అని ఎవరో ఒకరు అడుగుతారు. తర్వాత భిన్నాల లెక్కల్లో పడిపోతాము. ఈ మధ్య ఒక పాప తల్లి సాయంత్రం వచ్చి తలుపు దగ్గరే నిలబడింది. "మీ సంగతి మా పిల్ల చెప్పింది మేడం. నాకు గూడ ఉన్నది. ఇంటాయనకు తప్ప ఎవ్వరికి తెల్వదు." లోపలికి పిలిచి కుర్చీ వేశాను. చీకటి పడేదాకా ఆమె చెబుతూనే ఉంది. ఆమె వెళ్లాక ఆ ఖాళీ కుర్చీకేసి చాలాసేపు చూస్తూ ఉండిపోయాను. విమల టీచర్ అలా ఒక్క సాయంత్రమైనా ఎవరి ముందైనా కూర్చుని ఉంటే బాగుండేది.