వంటింటి వాటం

మిర్యాలగూడలో మిల్లు సేటు ఇంటి వంటింట్లో ప్రతి షాబాదు బండనూ పరిచింది బుచ్చయ్యే. 1986 ఎండాకాలంలో మోకాళ్ల మీద పాకుతూ పరిచాడు. గృహప్రవేశం నాడు పాలు పొంగాయో లేదో, ఆ వంటింటి గడప అతనికి మూసుకుపోయింది. ఆ తర్వాత పన్నెండేళ్లు, మెట్లో గోడో బాగుచేయడానికి పిలిచినప్పుడల్లా, పెరటి గోడ మీద బోర్లించి ఉంచిన సత్తు గ్లాసులో నీళ్లు పోసేవాళ్లు. తాగి, కడిగి, మళ్లీ అక్కడే బోర్లించేవాడు. త్రిపురారం దళితవాడలో పుట్టిన మేస్త్రీకి ఆ గ్లాసు వేరుగా ఎందుకుందో ఎవరూ చెప్పనక్కర్లేదు.

"నీకు రోషం రాదా?" అని భార్య ఎస్తేరు నిలదీస్తే, "పని పోతది" అనేవాడు.

1998లో సేటు హైదరాబాదు నుంచి బట్టలుతికే మిషను తెప్పించాడు. వంటగట్టు కింద అరలో ఇమిడే రకం. దాన్ని బిగించడానికొచ్చిన మెకానిక్ అరలోకి తోసి స్విచ్ వేశాడు. బట్టలు పిండే వేళకు అది దడదడలాడుతూ బయటికి నడిచొచ్చింది.

"ఫ్లోర్ వంకర సార్. వేసినోడికి పని రాదు" అని తేల్చేశాడు మెకానిక్.

సేటు కబురు పెడితే బుచ్చయ్య సైకిలేసుకుని వచ్చి, వంటింటి గడప బయట నిలబడ్డాడు.

"ఏందిరా బుచ్చిగా, గిట్ల ఏసినవ్? ఈ ఊర్ల ఇంక నీకు పని దొరకనియ్య!"

"వంకర కాదు సేటు, అది వాటం. కడిగిన నీళ్లు మూలకున్న తూముల వడాలని అమ్మనే అడిగింది. మిషను కాళ్ల కింద జర సరిజేస్తె అయితది."

"అయితె గాడనే నిలబడి ఈనకు చెప్పు. ఈన చేస్తడు."

బుచ్చయ్య గడప బయటి నుంచే చెప్పాడు. మెకానిక్ వింటే కదా! అట్టముక్కలు మడిచి కాళ్ల కింద దోపి మళ్లీ స్విచ్ వేశాడు. ఈసారి మిషను నడవడమే కాదు, గొట్టం కూడా ఊడగొట్టుకుంది. నీళ్లు భళ్లున వంటింట్లో పడ్డాయి.

"బియ్యం బస్తాలు! బియ్యం బస్తాలు!" అని సేటు భార్య అండాలమ్మ కేకలు పెట్టింది.

బస్తాల వైపు ఒక్క చుక్క పోలేదు. నీళ్లన్నీ బండల మీదుగా బుద్ధిగా జారి తూములోకి దిగిపోయాయి. మెకానిక్ గొట్టం పట్టుకుని నేల చూపులు చూశాడు.

"సూసిన్రా, పని రానిది ఎవరికో?" అంది అండాలమ్మ. "బుచ్చయ్యా, లోపటికి రా."

"వంటింట్లకా?" అని గొణిగాడు సేటు.

"అయితె మీరే వంగి ఎత్తుండ్రి!"

బుచ్చయ్య గడప దాటాడు. రెండు బండముక్కలు చెక్కి, పల్లంగా ఉన్న వైపు మిషను కాళ్లు ఆనే చోట సిమెంటుతో కూర్చాడు. అది గట్టిపడ్డాక, మర్నాడు పొద్దున్నే వచ్చి, ఊడిన గొట్టం బిగించి మిషనును అరలోకి తోశాడు. గట్టుకూ దానికీ మధ్య జానెడు సందు ఉంది.

"గ్లాసు నిండ నీళ్లు తెండ్రమ్మా. మీద పెట్టి సూద్దాం."

అండాలమ్మ అలవాటు కొద్దీ గోడ మీది సత్తు గ్లాసే తెచ్చింది.

"ఇది సక్కగ నిలవదమ్మా. అడుగు సొట్టవోయింది."

ఆమె ఒక్క క్షణం తటపటాయించింది. తర్వాత అలమరలోంచి, సేటు పేరు చెక్కిన స్టీలు గ్లాసు తీసి నింపి ఇచ్చింది. మిషను గిర్రున తిరిగింది. గ్లాసులో నీళ్లు వణికాయి గాని, ఒక్క చుక్క ఒలకలేదు.

స్విచ్ ఆపి, బుచ్చయ్య ఆ గ్లాసు ఎత్తి, వంటింట్లో నిలబడే నీళ్లన్నీ గటగటా తాగాడు. కడగకుండానే గట్టు మీద పెట్టాడు. "ఇంకెవరన్న పని రాదంటె నాకు చెప్పుండ్రి" అని తాపీ సంచి భుజాన వేసుకున్నాడు.

అతను సైకిలెక్కి వెళ్తుంటే, అండాలమ్మ సత్తు గ్లాసును మళ్లీ పెరటి గోడ మీదే బోర్లించింది.

ఆ గ్లాసును తీసేయడం బుచ్చయ్య పని కాదు. మన పని. ఇది చదవడం అయ్యాక లేచి మీ పెరట్లోకి వెళ్లండి. గోడ మీదో, చూరు కిందో అలాంటి గ్లాసు ఉంటే ఇవాళే తీసిపారేయండి. మీ ఇల్లు కట్టిన మనిషిని లోపలికి పిలిచి, మీరు తాగే గ్లాసులోనే నీళ్లివ్వండి.