చదివి వినిపించగా

మా కండక్టరుకి అమ్మానాన్నలు పెట్టిన పేరేమిటో డిపోలో సగం మందికి తెలియదు. అందరికీ ఆయన రైటన్నే. పద్నాలుగేళ్ళు నేను స్టీరింగ్ దగ్గర, ఆయన వెనక తలుపు దగ్గర. "రైట్ రైట్" అని ఆయన అరిస్తే గాని నా బస్సు కదిలేది కాదు. కిక్కిరిసిన బస్సులో ఎవరి కాలూ తొక్కకుండా ముందుకీ వెనక్కీ రోజుకి ఎన్నిసార్లు తిరిగేవాడో! టికెట్ తీసుకోనివాళ్ళని తిట్టేవాడు కాదు, నవ్వించి తీయించేవాడు. "అమ్మా, ఈ బస్సు మీ పుట్టింటివాళ్ళు పెట్టిందైతే చెప్పండి, నేనే దిగిపోతాను" అంటే ఎంత పిసినారైనా పర్సు తెరవాల్సిందే.

నిలబడి నిలబడి, గుంతల్లో ఎగిరెగిరి పడి ఆయన వెన్నులో నరాలు నలిగిపోయాయి. ఆ గుంతల్లోంచి బస్సు తోలింది నేనే. ముందు కాళ్ళు మొద్దుబారాయి, తర్వాత చేతులు. ఆపరేషన్ చేశాక నొప్పి తగ్గింది గాని కాళ్ళూ చేతులూ తిరిగి రాలేదు. యాభై రెండేళ్ళకి ఆయన లోకమంతా ఒక మంచం, ఒక బాత్రూమ్, ఆ రెంటికీ మధ్య తొమ్మిది అడుగులు.

ఆయన భార్యని నేను వదిన అంటాను. పుస్తకాలు బైండింగ్ చేసే షాపులో పనిచేసేది. ఆ షాపులో ఆవిడంత తిన్నగా కుట్టేవాళ్ళు లేరు. ఈయన్ని ఒంటరిగా వదల్లేక పని మానేసింది. వైకల్య భృతి వస్తే పగలంతా చూసుకోవడానికి ఒక మనిషిని పెట్టుకోవచ్చు, ఆవిడ మళ్ళీ పనిలోకి వెళ్ళొచ్చు. రాకపోతే ఇద్దరూ ఆ ఒక్క గదిలో ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూర్చోవాల్సిందే.

భృతి రావాలంటే పరీక్షలో పదిహేను పాయింట్లు రావాలి. బళ్ళో పాసవ్వాలంటే వచ్చినవి చెప్పాలి, ఇక్కడ పాసవ్వాలంటే రానివి చెప్పాలి. మా రైటన్నకి ఆ విద్య అబ్బలేదు. పరీక్ష రోజున వదిన చేత గడ్డం గీయించుకున్నాడు, ఇస్త్రీ చొక్కా తొడిగించుకున్నాడు. గుండీలూ బూట్లూ అన్నీ అయ్యేసరికి ఆవిడకి గంటన్నర పట్టింది.

"ఇంత సోకెందుకండీ ఇప్పుడు?" అని ఆవిడ విసుక్కుంటే, "ఆఫీసుకి అడుక్కుతినేవాడిలా వెళ్ళమంటావేంటే?" అన్నాడు.

నేనూ ఇంకో డ్రైవరూ చెరో రెక్కా పట్టుకుని కారెక్కించి తీసుకెళ్ళాం. పరీక్ష చేసే అమ్మాయికి పాతికేళ్ళుంటాయేమో. కళ్ళు ల్యాప్‌టాప్‌లోంచి ఎత్తకుండానే "ఎలా ఉన్నారండీ?" అంది.

"ఏదో, అలా నడుస్తోందమ్మా" అన్నాడు రైటన్న నవ్వుతూ.

మనలో ఎవర్ని అడిగినా చెప్పే మాటే కదా! ఇల్లు కాలిపోయినవాడు కూడా అదే అంటాడు.

నెల తిరక్కుండా నివేదిక వచ్చింది. వదిన నా చేత చదివించింది. 'దరఖాస్తుదారు చక్కగా తయారై వచ్చారు. చొక్కా గుండీలన్నీ సరిగ్గా పెట్టుకున్నారు. నవ్వుతూ మాట్లాడారు. ప్రస్తుతం నడుస్తోందని స్వయంగా తెలిపారు.' నాలుగు పాయింట్లు. భృతికి అనర్హుడు.

ముందు నాకు నవ్వొచ్చింది. రైటన్న కూడా నవ్వాడు. "చూశావుటే, కాళ్ళు పోయినా నోటితో నడిచాను" అన్నాడు వదినతో. ఆవిడ నవ్వలేదు. అప్పటికి ఆవిడ పని మానేసి ఏడాదిన్నర.

మర్నాడే ఆఫీసుకి వెళ్ళి కౌంటర్లో గుమాస్తాతో గొడవేసుకున్నాను. "ఆయనన్న మాటే కదండీ రాశారు?" అన్నాడతను.

"సంసారం నడుస్తోంది అంటే సంసారానికి చెప్పులు కొనిపెడతారుటయ్యా మీరు?"

వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. గుమాస్తా నవ్వలేదు. చెడ్డవాడేం కాదు, అలసిపోయినవాడు. గొంతు తగ్గించి, "అప్పీలు చేసుకోండి, ముప్పై రోజులు టైముంది. కానీ జబ్బుమనిషి చెప్పేది ఎవరూ పట్టించుకోరు. ఇంట్లో చూసుకునేవాళ్ళు వచ్చి చెప్పాలి. సిగ్గుపడకుండా చెప్పాలి. బాగున్న రోజు గురించి కాదు, అన్నిటికన్నా పాడు రోజు గురించి చెప్పాలి" అన్నాడు.

ఆ మాట మోసుకొచ్చి వదిన చెవిన వేసింది నేనే. నా నోరు పడిపోను! ఆయన నిద్రపోయాక వరండాలో కూర్చుని, వారం రోజులు ఆవిడకి పిల్లకి ఎక్కాలు నేర్పినట్టు నేర్పాను.

"ఆయన ఎదురుగా ఎలా చెప్పను మరిదీ? ఆయన్ని బయట కూర్చోబెట్టకూడదా?"

"కుదరదు వదినా, దరఖాస్తుదారు ఎదుటే చెప్పాలని అప్పీలు నోటీసులో ఉంది. మీకు పరువు కావాలా, పాయింట్లు కావాలా?"

విచారణ గదిలో బల్లకి అటువైపు ముగ్గురు. మధ్యలో అధ్యక్షుడు, తల నెరిసిన పెద్దాయన. ఒక పక్క డాక్టరు, ఇంకో పక్క టైపు చేసే ఆవిడ. ఇటువైపు చక్రాల కుర్చీలో రైటన్న, పక్కన వదిన, వెనక నేను. ఈసారి ఆయన గడ్డం గీయించుకోలేదు. నలిగిన చొక్కా వెయ్యమని, పై రెండు గుండీలూ వదిలెయ్యమని సలహా ఇచ్చింది కూడా నేనే.

వదిన మొదట నసిగింది. స్నానం నేనే చేయిస్తానండి, అన్నం నేనే తినిపిస్తానండి అంది. "అవన్నీ చాలా ఇళ్ళల్లో చేసేవేనమ్మా. ఇంకా?" అన్నాడు పెద్దాయన. ఆవిడ వెనక్కి తిరిగి నన్ను చూసింది. నేను తలూపాను.

"పక్క తడుపుతారండి, రోజూ. దుప్పటి మారుస్తుంటే జోకులేస్తారు. నాకు నవ్వు రాదు, అయినా నవ్వుతాను. బాత్రూమ్‌కి తీసుకెళ్తుంటే ఒక్కోసారి దార్లోనే అయిపోతుంది. మనిషినీ నేనే కడగాలి, గచ్చూ నేనే కడగాలి."

ఒక్కో మాటకీ డాక్టరు కాగితం మీద ఒక్కో టిక్కు పెడుతున్నాడు. ఆ టిక్కులు వదినకి కనిపిస్తున్నాయి. అదే కొంప ముంచింది. ఏడాదిన్నరగా ఎవరూ మెచ్చుకోని పనికి అక్కడ మార్కులు పడుతున్నాయి.

"పిలుస్తారండి. నాకు వినిపిస్తుంది. కానీ నిద్రపోతున్నట్టు పడుకుంటాను. ఎలాగూ ఇంకోసారి తడుపుతారు, రెండూ కలిపి ఒకేసారి మార్చొచ్చని."

రైటన్న తన చేతుల వంక చూసుకుంటున్నాడు.

"ఇంకేమైనా ఉందామ్మా?"

ఆవిడ మళ్ళీ నా వైపు చూసింది. చాలు వదినా అనాల్సింది. అనలేదు. అప్పటికి నేను వేళ్ళ మీద పాయింట్లు లెక్కపెట్టుకుంటున్నాను. పన్నెండో పదమూడో అయ్యాయి. మళ్ళీ తలూపాను.

"పోయిన నెల బాత్రూమ్‌లో పడిపోయారండి. చప్పుడు విని గుమ్మం దాకా వెళ్ళాను. వెళ్ళి నిలబడ్డాను. లేపలేదు. ఇంక లేవకపోతే బాగుండు అనిపించింది."

టైపు చప్పుడు ఒక్క క్షణం ఆగి మళ్ళీ మొదలైంది.

రాసినదాన్ని దరఖాస్తుదారుకి చదివి వినిపించాలట, అది రూలు. టైపు చేసినావిడ చదివింది. 'భర్త పడిపోయినప్పుడు ఇక లేవకపోతే బాగుండునని అనిపించినట్లు సంరక్షకురాలు తెలిపారు.' పత్రికలో ధరలు చదివినట్టు చదివింది. తను అన్న మాట పరాయి గొంతులో వినేసరికి వదిన గాభరా పడింది.

"తర్వాత లేపానండి! వేడినీళ్ళ కాపడం పెట్టాను, మోకాలికి మందు రాశాను. అది రాయలేదేంటండీ?"

"అది రాస్తే మీకే నష్టమమ్మా. ఆయన్ని చూసుకోవడానికి మీరు సరిపోతున్నారనే అర్థం వస్తుంది" అన్నాడు పెద్దాయన. మంచి మనసుతోనే అన్నాడు.

"ఇదంతా నిజమేనాండీ?" అని రైటన్నని అడిగారు.

"నిజమే" అన్నాడు.

పెన్ను పట్టుకోలేడు కాబట్టి వేలిముద్ర వెయ్యమన్నారు. ఆయన బొటనవేలు ఇంకులో అద్ది, 'చదివి వినిపించగా నిజమని ఒప్పుకున్నాను' అని అచ్చువేసి ఉన్నచోట నొక్కింది వదినే.

పద్దెనిమిది పాయింట్లు! ఆర్డరు చేతికొచ్చిన రోజు డిపో అంతా ఫోన్లు చేసి చెప్పాను, నేనేదో కొండ ఎత్తినట్టు. ఆస్పత్రిలో వార్డు పని చేసి మానేసిన ఒక పెద్దమనిషి పొద్దున్నుంచి సాయంత్రం దాకా చూసుకోవడానికి కుదిరాడు. వదిన బైండింగ్ పనిలోకి వెళ్ళింది. ఆ పెద్దమనిషితో రైటన్న ఎప్పటిలాగే జోకులేస్తాడు, నాతోనూ అంతే.

వదినతో మాత్రం, ఆ వారంలోనే ఒకరోజు, "కాస్త నీళ్ళిస్తారా?" అన్నాడట. ఇరవై ఎనిమిదేళ్ళ కాపురంలో 'ఏమే', 'ఒసేయ్' తప్ప ఇంకో పిలుపు ఎరగని మనిషి. వేళాకోళమనుకుని, "ఎవర్ని, నన్నేనా?" అని నవ్విందట.

"మిమ్మల్నేనండి" అన్నాడట.

ఆ 'మీరు' ఇంక దిగలేదు. భోంచేశారా అంటాడు, షాపులో పని ఎక్కువైందా అంటాడు. పక్క తడిస్తే జోకు లేదు, క్షమించండి అంటాడు. అసలు పిలవడమే మానేశాడు. ఆవిడకి మెలకువ వచ్చి చూసేదాకా ఆ తడిలోనే పడుంటాడు. నడుం కింద పుండు పడితే సాయం మనిషి చూసి చెప్పేదాకా ఆవిడకి తెలియదు.

"ఒక్కసారి తిట్టమని చెప్పు మరిదీ. కొట్టే ఓపిక ఎలాగూ లేదు, తిట్టనైనా తిట్టమను" అని ఏడ్చింది వదిన. నేను వెళ్ళి అడిగాను.

"ఏంటన్నా ఇది? ఆవిణ్ణి ఎందుకిలా చంపుకు తింటావు?"

"నేనేమన్నానురా? మర్యాదగానే మాట్లాడుతున్నాగా."

"ఆ మర్యాదే వద్దంటున్నా."

"ఇన్నేళ్ళూ మా ఆవిడ నాకు తెలుసనుకున్నానురా. తెలీదని ఆ రోజు చదివి వినిపించారు. ముక్కూ మొహం తెలియని మనిషిని ఏమే అని ఎలా పిలవను?"

తప్పు నాదన్నా, ఆవిడ చేత చెప్పించింది నేనన్నా అని కాళ్ళు పట్టుకున్నాను. స్పర్శ లేని కాళ్ళు, పట్టుకున్నా ఆయనకి తెలియదు. "నీ తప్పేముందిరా? నువ్వు చెప్పమన్నావు. ఆవిడకి అనిపించింది. అనిపించమని నువ్వు నేర్పలేదుగా" అన్నాడు.

మొన్న భృతి ఆఫీసు నుంచి ఇంకో కాగితం వచ్చింది. నేనే చదివాను. భృతి రెండేళ్ళకే ఇచ్చారట, ఆ గడువు అయిపోవచ్చింది. ఈ నెలాఖరుకి మళ్ళీ పరీక్ష. సంరక్షకురాలు స్వయంగా హాజరై వాంగ్మూలం ఇవ్వాలి.

"నేను రాను" అంది వదిన. "భృతి పోతే పోనీ. పని మానేసి నేనే చూసుకుంటాను. నేనింకేం చెప్పను."

రైటన్న దిండు మీద తల తిప్పి ఆవిణ్ణి చూశాడు. "అలా అంటే ఎలాగండీ? తప్పకుండా రావాలి. మీ అంత బాగా ఇంకెవరు చెప్తారు?" అన్నాడు. వెటకారమేమోనని మొహంలోకి చూశాను. వెటకారం లేదు, కోపమూ లేదు. వదిన కూడా చూసింది. చూసి, నా చేతిలోంచి కాగితం తీసుకుని, తేదీ ఎప్పుడో అడిగింది.