మామ పేపర్లో సంఘాలు

పసుపెక్కిన పాత తెలుగు పేపరు ఎక్కడ కనబడినా నాకు మా మేనమామ గుర్తొస్తాడు. నిజాం కాలంలో ఆయన కట్టంగూరులో మా ఇంట్లోనే ఉండి మగ్గం నేసేవాడు. ఊళ్లో పెద్దవాళ్లు "సంఘపోళ్లు" అని గుసగుసలాడుకుంటూ, వాళ్లను పోలీసు అమీను పట్టుకుపోతాడనేవారు. వాళ్లు నిజాంను ఎదిరించేవాళ్లని చిన్నపిల్లనైన నాకు తెలియదు; సంఘమంటే దొంగల గుంపనుకున్నాను. మామ తెచ్చిన పేపరు కూడబలుక్కుని చదివితే పుటపుటకూ ఆ మాటే! అప్పటినుంచి ఆయన పక్కన కూర్చోలేదు. ఆయన ఎటు పోయినా చాటుగా వెంటపడి చూసేదాన్ని.

ఒకనాడు అమీను వచ్చి, ఇల్లంతా వెతికి, ఆ పేపరు పట్టుకున్నాడు. ఆయనకు తెలుగు చదవరాదు.

"బేటీ, సంఘమని ఎక్కడెక్కడ ఉందో చదువు," అన్నాడు.

మామ ముఖం పాలిపోయింది. నేను ఉన్నదున్నట్టు చదివాను. నేతగాళ్ల సంఘం నూలు కోసం అర్జీ పెట్టుకుంది. భజన సంఘం వాళ్ల హార్మోనియం పోయింది. తాగుడు వల్ల సంఘం చెడిపోతోందని ఒక పెద్దమనిషి బాధపడ్డాడు.

అమీను నన్ను అనుమానంగా చూశాడు. "భజన చేసేటోళ్లది గూడ సంఘమేనా?"

"గట్లనే రాసిండ్రు సాబ్."

ఆయన విసుగ్గా పేపరు విసిరేసి వెళ్లిపోయాడు.

"నువ్వు ఏ సంఘంల ఉన్నవ్ మామా?" అని అడిగాను.

"నేతోళ్ల సంఘంల ఉన్న బిడ్డా," అన్నాడు.

నమ్మాను. కొద్దిరోజులకే ఆయన ఎవరికీ చెప్పకుండా ఊరు దాటిపోయాడు. నిజాం రాజ్యం పోయాకే తిరిగొచ్చాడు. ఆ మాట మళ్లీ నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు. నేతంటే ప్రాణమిచ్చే మనిషి, మగ్గం మీద పంచెను సగంలో వదిలి వెళ్లాడు. నాకు ఆ జవాబు చాలు.